మాడ్రిడ్ కంటే ముందే మనకి ఐదు కప్పులు

రియల్ మాడ్రిడ్ గురించి మన ఆఫీసుల్లో తెలీనివాడు లేడు. యూరోపియన్ కప్ 1955-56 సీజన్లో మొదలైతే, మొదటి ఐదూ వరసగా వాళ్ళే ఎగరేసుకుపోయారు. ఛాంపియన్స్ లీగ్ కోసం అర్ధరాత్రి ఒంటిగంటకి అలారం పెట్టుకుని లేచి, పొద్దున్న మీటింగులో ఆవలించే మహానుభావులకి ఈ లెక్క కంఠతా వచ్చు.

సరే, ఇంకో ప్రశ్న. ఆ కప్పు ఇంకా పుట్టకముందే వరసగా ఐదు కప్పులు కొట్టిన మన జట్టు ఏది?

హైదరాబాద్ సిటీ పోలీస్. అప్పట్లో బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్ 1950 నుంచి 1954 దాకా ఐదేళ్ళూ వాళ్ళదే. అదీ నాకౌటే, ఓడితే ఇంటికే. 1950లోనే డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ని కూడా ఓడించారు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్, ఒకప్పటి బడిపంతులు. డ్రిబ్లింగ్ చెయ్యకూడదని ఒక పోటీ, బలం తక్కువున్న కాలితోనే ఆడాలని ఇంకో పోటీ పెట్టి కుర్రాళ్ళకి ఆట నేర్పించారు. ఆయన కోచింగులోనే భారత జట్టు 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం కూడా ఆయన హయాంలోనే.

"ఆ స్థాయి వేరు, ఈ స్థాయి వేరు" అంటారేమో. ఒప్పుకుంటా. నా బాధ స్థాయి గురించి కాదు, తర్వాత ఏమైందన్నదాని గురించి. 1963లో రహీమ్ కేన్సర్‌తో పోయారు. ఆ తర్వాత హైదరాబాద్ ఫుట్‌బాల్ మెల్లమెల్లగా జారిపోయింది. మాడ్రిడ్‌లో క్లబ్బుకి యజమానులు సభ్యులే. మన దగ్గర జట్టు ఒక శాఖది, విద్య ఒక మనిషిది. పోలీసు శాఖని తప్పుపట్టను, ఆటగాళ్ళకి ఉద్యోగాలిచ్చింది అదే కదా. కానీ మన భాషలో చెప్పాలంటే, సిస్టం మొత్తం ఒక్కరి బుర్రలో ఉండి, డాక్యుమెంటేషన్ లేకుండా నడిచిన ప్రాజెక్టు అది. ఆ ఒక్కరూ వెళ్ళిపోతే ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా?

పోనీ తర్వాతైనా నేర్చుకున్నామా అంటే.. లేదు. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ కప్పు తెచ్చింది. 2025కల్లా పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది!

మాది నౌపడ, ఉప్పు మళ్ళ ఊరు. మడిలోకి సముద్రపు నీళ్ళు రావడం గొప్ప కాదు, గట్టు నిలిస్తేనే అది ఉప్పవుతుంది. కప్పులూ అంతే. రహీమ్ లాంటివాళ్ళు తెచ్చినదాన్ని నిలబెట్టే గట్టు ఎవరంటే, ఏటా సభ్యత్వం కట్టి "ఈ క్లబ్బు మాది" అనే జనం. మాడ్రిడ్ జెర్సీకి వేలు పోసే మనం, అందులో సగం మన ఊరి జట్టుకి ఇవ్వలేమా?

మాడ్రిడ్ మ్యాచ్‌లు మానెయ్యమనను, నేనూ మానను. అలారం అలాగే ఉంచండి. ఆదివారం సాయంత్రం మాత్రం దగ్గర్లో ఏ లోకల్ మ్యాచ్ ఉందో కనుక్కుని, ఓసారి వెళ్ళి రండి.