డాబా మీద స్వరాజ్యం రాదు

డాబా మీద వంకాయలు పెంచుకునేవాళ్ళతో నాకు పేచీ లేదు. ఆ వంకాయల్ని చూపించి "స్వయంసమృద్ధి" అనేవాళ్ళతోనే నా గొడవంతా. మా సీతమ్మధారలో ఈమధ్య ఈ మాట మరీ చవకైపోయింది. పది గ్రో బ్యాగులు, రెండు బస్తాల కోకోపీట్, ఇన్‌స్టాలో ఓ రీలు. అంతే, ఇక ఆ ఇంటికి మార్కెట్టుతో పనే లేదట!

లెక్క చూద్దాం. మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. నలుగురున్న ఇంటికి ఏడాదికి 580 కిలోల పైమాటే. బియ్యం, పప్పు, నూనె ఎలాగూ డాబా ఎక్కవు. విత్తనాలు, వేపపిండి, వర్మీకంపోస్టు కొనేవే. నీళ్ళు కార్పొరేషన్ కుళాయివి. అన్నీ బయటినుంచి తెచ్చుకుని, చివర్లో కోసిన నాలుగు బెండకాయలకి మాత్రం "స్వయం" అని పేరు పెట్టుకుంటున్నాం.

కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాదు శివారు నారపల్లిలో మిద్దెతోట వేసి, ఇంటి కూరలు ఇంటిమీదే పండించుకోవచ్చని చేసి చూపించారు కదా అంటారు. నిజమే, కాదనను. ఆ తోట కింద సొంత మిద్దె ఉంది, దాని వెనక రోజువారీ శ్రమ ఉంది. నాకున్నది అద్దె వాటా. డాబా తాళంచెవి ఓనరు దగ్గరుంటుంది. స్వయంసమృద్ధి సుగుణమే అయితే, అది ఇంటి దస్తావేజు ఉన్నవాళ్ళకే ఎందుకు దక్కుతోంది?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్ళో కరెంటు పోయింది, నీళ్ళు పోయాయి, కూరగాయల ధరలు ఆకాశానికెక్కాయి. మహావృక్షాలే కూకటివేళ్ళతో లేచిపోయిన గాలికి డాబా మీద కుండీ ఆగుతుందా? అప్పుడు మన కడుపు నింపినవి పక్క జిల్లాలనుంచి వచ్చిన లారీలు.

మామూలు రోజుల్లో నింపుతున్నదెవరో చూడాలంటే పొద్దున్నే సీతమ్మధార రైతుబజారుకి వెళ్ళండి. 1999లో మొదలైన ఈ బజార్ల పుణ్యమా అని ఆనందపురం, పద్మనాభం వైపు రైతులు దళారీ లేకుండా బీర, ఆనప, వంకాయ తెచ్చి మనకు అమ్ముతున్నారు. ఆ పొలాల్లోనే ఇప్పుడు లేఔట్ల హద్దురాళ్ళు లేస్తున్నాయి. ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఈ ఊరు ఒకప్పుడు 20 వేల ఎకరాలకు పైగా భూమి తీసుకుంది. అప్పుడు కనీసం ఉద్యోగాలిస్తామన్న మాటైనా ఇచ్చారు. అది అందరి విషయంలో నిలబడలేదు, అది వేరే సంగతి. లేఔటు ఆ మాట కూడా ఇవ్వదు. అందులో ప్లాటు కొనేదెవరు? డాబా మీద ఆర్గానిక్ పాలకూర పెంచే మనమే!

బ్రిటన్‌లో 1908 నాటి చట్టం ప్రకారం, జనం అడిగితే సాగుకు చిన్న చిన్న మడులు అద్దెకివ్వడం స్థానిక సంస్థల బాధ్యత. మనమూ జీవీఎంసీని అడుగుదాం. ఖాళీగా పడున్న ప్రభుత్వ స్థలాల్లో అద్దెవాళ్ళకూ ఓ మడి ఇవ్వమందాం. మన తడిచెత్తని ఎరువు చేసి ఆ మడులకే పంపమందాం. మాస్టర్ ప్లానులో కూరగాయల భూముల్ని కూరగాయలకే ఉంచమని వీఎంఆర్‌డీఏనీ నిలదీద్దాం.

మొక్కలు పెంచండి. తొలి బెండకాయ కాసిన రోజు పండగ చేసుకోండి, పక్కింటికి రెండు ఇవ్వండి. ఆనందపురంలో ప్లాటు బుక్ చేసొచ్చి, డాబా మీద టమాటా చూపించి స్వయంసమృద్ధి అంటే మాత్రం నేను నవ్వుతాను.