తొట్టి ఆయనది, వెట్టి ఆవిడది

చేపలంటే నాకు పగేమీ లేదు. నెల్లూరులో పుట్టి పెరిగినదాన్ని. మామిడికాయ వేసి పెట్టిన పులుసు మర్నాటికి ఎంత రుచో నాకొకరు చెప్పనక్కర్లేదు. అద్దాల వెనక ఈదే చేపల్ని చూసినా ముచ్చటే. నా పేచీ అంతా మన ఊళ్ళో కొత్త ఇళ్ళ హాళ్ళలో వెలుస్తున్న ఆరడుగుల తొట్ల మీద. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, వాటిని తెచ్చిపెట్టే మగమహారాజుల మీద.

గాజు గిన్నెలో రెండు బంగారు చేపలు వేసుకుని మురిసిపోయే రోజులు పోయాయి. ఇప్పుడు ఆఫ్రికా సిక్లిడ్లు కావాలి. అక్కడ మలావీ అని ఓ పెద్ద సరస్సు ఉంది. అందులో వందల రకాల సిక్లిడ్లున్నాయి. పసుపు, నీలం, నారింజ - పట్టుచీరల కొట్లో బేరం మొదలెట్టినట్టుంటుంది చూస్తే. గృహప్రవేశానికొచ్చిన వాళ్ళు సోఫాలు వదిలేసి తొట్టి ముందే నిలబడతారు. తొట్టి కొలత, అద్దం మందం, లైటు రంగు, వెనక అంటించే నీలం కాగితం, ఈశాన్యమా ఉత్తరమా అన్న వాస్తు, అన్నీ ఆయనా ఆయన స్నేహితులూ నెల్లాళ్ళు కూర్చుని తేలుస్తారు. కాఫీలు మనమే ఇస్తాం. ఒక్క ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు. నీళ్ళు మార్చేదెవరు?

ఆ ప్రశ్నకి నేను లెక్క కట్టాను. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. అంటే 24 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకి 28 లీటర్ల పైచిలుకు కనుక నిండా పోస్తే 680 లీటర్లు. అద్దం, ఇసక, రాళ్ళు కలిపితే దగ్గర దగ్గర టన్ను. పాతిక కిలోల బియ్యం బస్తాలు ముప్పై అయిదుకి పైగా ఒక్కచోట పేర్చినట్టు. దీన్ని మేడ మీద గదిలో, నాలుగు సన్న కాళ్ళ బల్ల మీద పెడతామనేవాళ్ళు ముందు ఇల్లు కట్టిన ఇంజనీరుని అడగాలి. అదొకటి.

అసలు సంగతి బకెట్లది. ఈ చేపలు పోట్లాట మనుషులు. నాలుగైదింటిని వేస్తే అందులో మొనగాడు మిగతావాటిని తరిమి తరిమి చంపుతాడు. అందుకని కాస్త ఇరుకుగానే, గుంపుగా ఉంచుతారు. దెబ్బలు పదిమందికీ పంచితే ఒక్కరూ చావరన్న సూత్రం. గుంపు పెరిగితే మేత, మేతతో మలినం. కాబట్టి వారానికోసారి కనీసం నాలుగోవంతు నీళ్ళు తీసి కొత్తవి పొయ్యాలి. నాలుగోవంతంటే 170 లీటర్లు. పదిహేను లీటర్ల బకెట్‌తో పన్నెండు బకెట్లు బయటికి, పన్నెండు లోపలికి. ఏడాదికి పన్నెండువందల పైన! ఆదివారం పొద్దున ఆయన పేపరు చదువుతుండగా ఈ బకెట్లు ఎవరి చేతిలో ఉంటాయో మీకు నేను చెప్పాలా?

పని చేస్తే చేశాం, నింద కూడా మనకే. అది ఎలాగో చెబుతాను. తొట్టిలో చేప విసర్జించేదాన్నుంచీ మిగిలిన మేత నుంచీ అమ్మోనియా పుడుతుంది. అది చేపలకి విషం. దాన్ని కొన్ని రకాల సూక్ష్మజీవులు నైట్రైటుగా, అదీ విషమే, ఆ తరవాత పెద్దగా ఇబ్బంది లేని నైట్రేటుగా మారుస్తాయి. ఆ సూక్ష్మజీవులు ఫిల్టరు స్పాంజిలో కాపురం పెట్టి స్థిరపడటానికి నాలుగు నించి ఆరు వారాలు పడుతుంది. మన భాషలో చెప్పాలంటే పాలు తోడుకోవాలి. రోజూ చిటికెడు మేత వేస్తూ, లేదా పాత తొట్టిలోని స్పాంజి ముక్క ఒకటి తెచ్చి తోడుపెట్టినట్టు పెట్టి, ఓపిగ్గా ఆగాలి. మన వాళ్ళు సాయంత్రం నీళ్ళు నింపి రాత్రికి చేపల్ని వదులుతారు. తోడుకోని పాలని పెరుగన్నంలో కలిపినట్టు!

పోనీ తోడుకున్నాక? పాపం ఇల్లాలు స్పాంజి జిడ్డుగా ఉందని కుళాయి కింద పెట్టి శుభ్రంగా ఉతుకుతుంది. మునిసిపాలిటీ నీళ్ళలో ఉండే క్లోరిన్ తగిలి ఆ సూక్ష్మజీవులు చస్తాయి. మూడో రోజు చేపలు పైకి తేలతాయి. మా వీధిలోనే ఒక ఇంట్లో ఇలా జరిగింది. "నీ అతిశుభ్రమే చంపింది" అన్నాడాయన, పదిమందిలో. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్ళతోనే పిండాలనీ, కుళాయి నీళ్ళకి క్లోరిన్ విరిచే మందు వెయ్యాలనీ ఆవిడకి ఎవరు చెప్పారు? ఆయనకి తెలిస్తేగా! ఆవిడ ఆ రోజు అన్నం తినలేదు. చచ్చినవి పదకొండు చేపలు. అడ్డమైన చాకిరీ చేసి హంతకురాలు అనిపించుకోవడం ఒక్క గృహిణికే సాధ్యం.

ఇదే మనిషి ఊరి బయట ఎలా ఉంటాడో చూడండి. మన నెల్లూరు తీరం పొడుగునా రొయ్యల చెరువులు. 1994-95లో తెల్లమచ్చ తెగులు కోస్తా చెరువుల్ని ఊడ్చేసినప్పుడు మన వాళ్ళు నేర్చుకున్న పాఠం చిన్నది కాదు. అమ్మోనియా ఎంత, పి.హెచ్. ఎంత, తెల్లారకముందు నీళ్ళలో ప్రాణవాయువు ఎంత పడిపోతుంది, అన్నీ వేళ్ళ మీద చెబుతారు. ఏరేటర్లు ఆగకుండా జనరేటర్ పెడతారు. నిద్ర మానుకుని టార్చి లైటుతో గట్టు మీద తిరుగుతారు. ఆ చదువంతా ఇంటి గుమ్మం దాకానే! హాల్లో తొట్టికి కరెంటు పోతే చిన్న బ్యాటరీ పంపు కూడా ఉండదు. వేడినీళ్ళలో ప్రాణవాయువు తక్కువ. మన వేసవిలో తొట్టి నీళ్ళు కాగుతుంటాయి. ఇక తుపాను వచ్చిందంటే, 2023 డిసెంబరులో మిచాంగ్ వచ్చినట్టు, కరెంటు ఎప్పుడొస్తుందో దేవుడికే ఎరుక. అప్పుడు చెంబుతో నీళ్ళు పైకెత్తి పోస్తూ, ఆ ధారతో చేపలకి ఊపిరాడిస్తూ రాత్రంతా కూర్చునేదెవరు? రొయ్య అమ్ముడుపోతుంది, కనక దానికి జనరేటరు. చేప అమ్ముడుపోదు, కనక దానికి ఆడమనిషి.

ఒక్క విషయంలో మాత్రం మనకి కలిసొచ్చింది. మలావీ నీళ్ళు క్షారగుణం ఉన్న గట్టినీళ్ళు. గిన్నెల మీద తెల్లపొర కట్టే బోరునీళ్ళని మనం రోజూ తిట్టుకుంటామే, అందులో ఉన్నది సున్నమే అయితే ఈ చేపలకి అమృతం. ఉప్పనైతే కాదు, పరీక్ష చేయించాలి. తాగే ఫిల్టరు నీళ్ళు పోస్తే పైసలు వృథా, చేపకీ పడదు. హీటరు మనకి ఎందుకో కొట్టువాడే చెప్పాలి.

ఇందులో ఆడచేప సంగతి చెబితే నవ్వుతారు. పీకాక్ అనే రకంలో రంగులన్నీ మగదానికే, ఆడది బూడిదరంగు. గుడ్లు నోట్లో పెట్టుకుని, పిల్లలు ఈదగలిగేదాకా మూడు వారాలు దాదాపు ఉపవాసం చేస్తుంది. ఈలోగా మొనగాడు దాన్ని తరుముతూనే ఉంటాడు. రంగు లేదని కొట్లలో ఆడవాటిని అడిగేవాళ్ళు తక్కువట. నేను వ్యాఖ్యానం చెయ్యను.

అలా పిల్లలు పుడుతూనే ఉంటాయి. తొట్టి చాలదు. "చెరువులో వదిలేద్దాం, పుణ్యం" అంటారు. చస్తే చేపల పాపం, బతికితే చెరువు పాపం! 1952లో మన దేశానికి తెచ్చిన మొజాంబిక్ తిలాపియా ఈ సిక్లిడ్ల కుటుంబమే, ఆఫ్రికాదే, పిల్లల్ని నోట్లో పెంచేదే. అది చెరువుల్లో ఎలా అల్లుకుపోయి నాటు చేపల మేతకి ఎలా పోటీ వచ్చిందో చేపలు పట్టేవాళ్ళనడగండి. అదనపు చేపలు ఎవరికివ్వాలో ముందే మాట్లాడుకోని వాళ్ళు తొట్టి కొనకూడదు.

ఆఫ్రికా దాకా పోకపోతే కుదరదా అంటే, అదీ చెబుతాను. మన దేశానికి సొంత సిక్లిడ్లు మూడే రకాలు. అందులో రెండు ఉప్పుటేరుల్లో, సముద్రపు కయ్యల్లో బతుకుతాయి. కేరళ వాళ్ళు 2010లో రాష్ట్ర చేపగా ప్రకటించుకున్న కరిమీన్ వాటిలో ఒకటి. 2022 దాకా మన జిల్లాలోనే ఉన్న సూళ్ళూరుపేట పక్కన, పులికాట్ సరస్సులోనూ ఉంది. తల్లీ తండ్రీ ఇద్దరూ గుడ్ల దగ్గర కాపలా కాస్తాయి. ఆ రెండో రకం, నారింజరంగుది, అరచేతిలో పట్టేంత. దానికి ఆరడుగుల తొట్టి కూడా అక్కర్లేదు. కానీ పక్క ఊరి చుట్టాన్ని హాల్లో కూర్చోబెడితే గొప్పేముంది?

"ఆడవాళ్ళకి మగవాళ్ళ సరదా గిట్టదు" అంటారని తెలుసు. గిట్టకపోవడం కాదు. మేకు కొట్టడానికి గోడ అడిగినట్టు, తొట్టి పెట్టడానికి నన్ను అడగమంటున్నాను. కిటికీలోంచి రబ్బరు గొట్టం వేసి పాత నీళ్ళు పెరట్లో కరివేపాకు చెట్టుకి పోయేట్టు చేస్తే సగం నడుము నొప్పి తగ్గుతుంది; నైట్రేటు ఉంటుంది కనక చెట్టుకీ బలమే. ఆ గొట్టం ఖర్చు లైటు ఖర్చులో పదో వంతుండదు. దాన్ని ఎవరూ కొనరు, ఎందుకంటే నొప్పి వాళ్ళ నడుముకి కాదు.

ఎలాగూ ఆరు వారాలు ఖాళీ నీళ్ళు తోడుకోవాలి కదా. ఆ ఆరు ఆదివారాలూ పన్నెండు బకెట్లు తీసి పన్నెండు పొయ్యమనండి ఆయన్ని, చేపలేమీ లేకుండానే. ఆరో ఆదివారం కూడా బకెట్ ఆయన చేతిలోనే ఉంటే, కొట్టుకి నేనూ వస్తాను, రంగులు ఎంచడానికి. రెండో ఆదివారానికే "కాస్త నువ్వు చూడు" అన్నారో, తొట్టి తుడిచి అందులో మొలగొలుకుల బియ్యం పోసుకోండి. అద్దంలోంచి ఎంత మిగిలిందో బాగా కనబడుతుంది.