చిరుసంచికి ఉన్న లెక్క గర్భసంచికి లేదా?

ముందే చెప్పేస్తున్నాను, నేను డాక్టర్ని కాను. జావా రాసుకుని బతికేవాణ్ణి. "నీకెందుకయ్యా ఈ గోల" అనేవాళ్లుంటారని తెలుసు. కానీ ఈ గోలలో నా డబ్బు కూడా ఉంది, అందుకే రాస్తున్నా.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లాను. కర్లపాలెం దగ్గర, బాపట్ల నుంచి ఆటోలో పోవచ్చు. మా పిన్ని నడుం పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. వయసు నలభై మూడే. ఐదేళ్ల కిందట ముట్టు ఎక్కువవుతోందని ఊళ్లో ఆర్‌ఎంపీ ఓ ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. స్కానింగు తీసి "సంచి పాడైంది, ఉంచితే క్యాన్సర్ అవుద్ది" అన్నారట. పిన్ని ఫోన్ చేసి "అబ్బాయ్, నలభై వేలు సర్దుతావా?" అంది. నేను రిలీజ్ హడావుడిలో ఉన్నా. రెండో మాట అడక్కుండా పంపేశాను. బంగారం లాంటి కొడుకని మా వాళ్లంతా మెచ్చుకున్నారు కూడా.

ఈసారి తీరిగ్గా ఆ కాగితాలు చూశాను. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారు. ముందు మందులు వాడి చూసిన ఆనవాలు లేదు. క్యాన్సర్ ఉందో లేదో చూసిన పరీక్ష రిపోర్టూ లేదు. ముట్టు ఎక్కువైతే ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్రలున్నాయి, హార్మోను లూప్ ఉంది. చాలామందికి వాటితోనే సరిపోతుంది. వయసు రాకుండా అండాశయాలు తీసేస్తే ఎముకలు గుల్లబారతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది. ఇవన్నీ ఎవరో దాచిపెట్టిన రహస్యాలేం కావు. ఆ రోజు ఆ గదిలో ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇది మా ఇంటి కథే అయితే ఇక్కడ రాసేవాణ్ణి కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అంటే మనమే ముందున్నాం! దేశంలో జరిగిన ఈ ఆపరేషన్లలో మూడింట రెండొంతులు ప్రైవేటులోనే. మన ఆడవాళ్ల గర్భసంచులు మాత్రమే ఇలా పాడైపోతున్నాయా, లేక మన దగ్గర అడిగేవాళ్లు లేరా?

ఇప్పుడు బాపట్లలోనే ఇంకో గేటు దగ్గరికి పోదాం. 1945 నుంచి ఉన్న వ్యవసాయ కళాశాల. మనం హైదరాబాద్‌లో, బెంగుళూరులో తినే సాంబ మసూరి అసలు పేరు బీపీటీ 5204. బీపీటీ అంటే బాపట్లే. 1986లో విడుదలైంది. ఓ కొత్త వరి రకం బయటికి రావాలంటే ఏం చేస్తారో తెలుసా? పక్కన పాత రకం వేసి పోల్చాలి. ఏ మడిలో ఏది వెయ్యాలో శాస్త్రవేత్త తనకి నచ్చినట్టు పెట్టకూడదు, చీటీ తీసినట్టు పెట్టాలి. ఒక చోట పండితే చాలదు, చాలా చోట్ల, చాలా ఏళ్లు చూడాలి. ఆ తర్వాత చిరుసంచుల్లో విత్తనాలు పోసి రైతుల పొలాల్లో వేయించాలి. అప్పుడు గానీ "వేసుకోవచ్చు" అని చెప్పరు.

ఈ చీటీ పద్ధతిని 1920లలో ఇంగ్లండులో ఫిషర్ పొలాల కోసమే తయారు చేశాడు. వైద్యం దాన్ని తర్వాత నేర్చుకుంది. 1947లో క్షయకి స్ట్రెప్టోమైసిన్ పరీక్షించినప్పుడు రోగుల్ని అలాగే రెండు గుంపులు చేశారు. అంటే డాక్టర్లకి ఈ విద్య రైతు పొలం నుంచి వచ్చింది. ఆ పొలం బాపట్లలో ఉంది. విద్య మాత్రం ఆసుపత్రి గేటు దాటి లోపలికి పోవడం లేదు. చిరుసంచికి ఉన్న లెక్క గర్భసంచికి లేదు.

దీన్నే ఎవిడెన్స్ బేస్డ్ ప్రాక్టీస్ అంటున్నారు. రుజువు చూసి వైద్యం చెయ్యడం. "మా అనుభవం పనికిరాదా?" అని డాక్టర్లకి కోపం వస్తుంది. పనికొస్తుందండీ. 1996లో డేవిడ్ శాకెట్, ఆయన సహచరులు రాసిన నిర్వచనంలోనే రుజువుతో పాటు వైద్యుడి అనుభవం, రోగి ఇష్టం కూడా ఉన్నాయి. మా పిన్ని విషయంలో ఉన్నది అనుభవం ఒక్కటే. అది కూడా దేంట్లో అనుభవమో నేను చెప్పను.

ఎమ్మెస్సీ నర్సింగులో పరిశోధన, స్టాటిస్టిక్స్ సిలబస్‌లో ఉన్నాయిగా అంటారు. ఉన్నాయి. మనమూ ఇంజనీరింగులో చాలా చదివాం, ఎన్ని వాడుతున్నాం? 2007లో ఐసీఎంఆర్ చందా కట్టి, వైద్య పరీక్షల ఫలితాలన్నీ వడపోసి పెట్టే కాక్రేన్ లైబ్రరీని దేశంలో అందరికీ ఉచితంగా తెరిపించింది. తలుపు తెరిచారు, చదవడం ఎవరు నేర్పారు? ఆక్స్‌ఫర్డ్‌లో ఉద్యోగం చేసుకుంటూ చదివే ఎమ్మెస్సీ ఉంది, ఈ ఒక్క విషయం మీదే. హైదరాబాద్‌లో 2008లో ఐఐపీహెచ్ వచ్చింది, ప్రజారోగ్యంలో పీజీలున్నాయి. బాపట్లలో డ్యూటీ చేసే స్టాఫ్ నర్సు పిల్లల్ని వదిలి ఎక్కడికి పోతుంది?

2021లో బాపట్ల మెడికల్ కాలేజీకి శంకుస్థాపన చేశారు. ఎవరు కడతారు, ఎవరు నడుపుతారు అని కొట్టుకుంటున్నాం. అందులో ఏం నేర్పుతారని ఒక్కళ్లూ అడగరే? నా మాట ఇది: ఇలాంటి చోట నర్సులకి, ఏఎన్‌ఎంలకి, ఫిజియోలకి, సోషల్ వర్కర్లకి శని ఆదివారాల్లో చదివే కోర్సు పెట్టాలి, అర్హత ఉన్నవాళ్లకి పీజీ ఇవ్వాలి. గోడకి తగిలించుకునే సర్టిఫికెట్ కాదు, అవి మన దగ్గర బోలెడున్నాయి. ప్రశ్న సరిగ్గా అడగడం, రుజువు వెతకడం, అది ఎంత గట్టిదో తూచడం, చివరికి "నూరు మందికి చేస్తే ఎంతమందికి మేలు, ఎంతమందికి కీడు" అని పిన్నికి తెలుగులో చెప్పగలగడం. డాక్టర్లనే ఎందుకనలేదంటే, పెద్దాపరేషను గురించి మా పిన్ని ముందుగా అడిగింది డాక్టర్ని కాదు, ఏఎన్‌ఎమ్మని. ఆవిడ "డాక్టరుగారు చెప్పారంటే తీయించుకోమ్మా" అంది. ఆవిడ తప్పు కాదు, ఆవిడకి అంతకన్నా ఎవరూ నేర్పలేదు.

చట్టం చూసుకుంటుందిలే అంటారా? అనవసరంగా గర్భసంచులు తీయకుండా కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. మూడు నెలల్లో అమలు చెయ్యమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పింది. మంచిదే. కానీ ఆ కాగితం చదివి, రోగి పక్కన నిలబడి "ఆగండి" అనే మనిషి కావాలి కదా!

ఇక మన సంగతి. ఒక బటన్ రంగు మార్చాలంటే ఏ/బీ టెస్ట్ అంటాం. రెండు లైన్ల కోడుకి ఇద్దరు రివ్యూ చెయ్యాలంటాం. ఇంటి నుంచి ఫోనొస్తే మాత్రం యాప్ తెరిచి డబ్బు కొట్టేస్తాం. ఈసారి కొట్టే ముందు నాలుగు ముక్కలు అడగండి. మందులు వాడి చూశారా? తీయకపోతే ఏమవుతుంది? అండాశయాలు కూడా ఎందుకు తీస్తున్నారు? ఇంకో డాక్టర్ ఏమన్నారు?

వచ్చేటప్పుడు పిన్ని అడిగింది, "అయితే అప్పుడు తీయించుకోకుండా ఉండాల్సిందంటావా?" అని. ఏం చెప్పను? ఐదేళ్ల కిందట అడగాల్సింది నేను.