తెర మీద వరద, గేటు మీద తుప్పు

మా అద్దంకి పక్కగా పారే గుండ్లకమ్మను దిగువన మల్లవరం దగ్గర కట్టేశారు. 2008లో ప్రారంభించిన జలాశయం అది. నిల్వ 3.86 టీఎంసీలు, ఆయకట్టు 80 వేల ఎకరాలు. 2022 ఆగస్టు 31న దాని మూడో గేటు కొట్టుకుపోయింది. దాచుకున్న నీళ్లు సముద్రం పాలయ్యాయి. మరుసటి ఏడు డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మూడు రోజులు తిరక్కుండానే అదే జలాశయం రెండో గేటు కూడా పోయింది. అప్పటికి రాష్ట్రంలో తెరలకు కొదవేం లేదు. రియల్ టైమ్ గవర్నెన్స్ సొసైటీ 2017 నుంచే ఉంది. ఏ మండలంలో ఎంత వాన పడిందో, ఏ జలాశయంలో ఎన్ని అడుగుల నీరుందో గోడంత తెర మీద రంగురంగులుగా చూసుకోవచ్చు. గేటు మీద తుప్పు మాత్రం ఏ తెర మీదా కనపడలేదు.

ఇప్పుడా తెరలకు బుద్ధి కూడా పెడతారట. కంప్యూటరులో అసలుకు నకళ్లుగా ఉండే డిజిటల్ ట్విన్లు, జరగబోయేదాన్ని ఉత్తుత్తిగా ఆడి చూపే సిమ్యులేషన్లు, అడక్కముందే ఆలోచించి సలహా చెప్పే సాఫ్ట్‌వేర్ ఏజెంట్లు వస్తున్నాయని సభల్లో చప్పట్ల మధ్య చెబుతున్నారు. నిర్ణయాలు తీసుకోవడానికి తోడ్పడతాయట. ఎవరి నిర్ణయాలకు? వాన దంచికొడుతున్న అర్ధరాత్రి, కరెంటు పోయి, సెల్ టవర్ పడిపోయినప్పుడు గేటు ఎత్తాలా వద్దా అని తేల్చేది లస్కరు, వర్క్ ఇన్‌స్పెక్టరు, ఏఈ, కింద ఊళ్లో చాటింపు వేయించాల్సిన వీఆర్వో, జనరేటరు దగ్గరికి పరిగెత్తాల్సిన లైన్‌మన్. ఈ అయిదుగురూ ఎప్పుడైనా ఒక బల్ల చుట్టూ కూర్చుని, రాబోయే వరదను ముందే ఒకసారి ఆడి చూసుకున్నారా? వాళ్లను ఒక జట్టుగా సాధన చేయించని యంత్రం మీద పైసా కూడా పెట్టొద్దని నేనంటాను. అది ఎంత తెలివైనదైనా సరే, ఎవరు తయారుచేసినా సరే.

కంప్యూటరు వద్దనే ఛాందసుడిని కాను. ఈ పరికరాలు ఎందుకు పుట్టాయో కొనేవాళ్లు మరచిపోయారని నా కోపం.

1988 జులై 3న హోర్ముజ్ జలసంధిలో అమెరికా యుద్ధనౌక విన్సెన్స్, ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని క్షిపణితో కూల్చేసింది. 290 మంది చచ్చిపోయారు. ఆ నౌకలో ఉన్నది అప్పటికి ప్రపంచంలోనే మేటి అనిపించుకున్న రాడార్ రక్షణ వ్యవస్థ ఏజిస్. అది తప్పు చెప్పలేదు. విమానం పైకి లేస్తోందనే దాని లెక్కల్లో నమోదైంది. గదిలో ఉన్న మనుషులు మాత్రం కిందికి దూసుకొస్తోందని ఒకరికొకరు అరిచి చెప్పుకున్నారు. శత్రు విమానమే అయ్యుంటుందని ముందే అనుకున్నారు కాబట్టి అలాగే కనిపించింది. యంత్రం నిజం చెప్పినా జట్టు బెదిరిపోతే జరిగేది అదే. ఆ దెబ్బతోనే అమెరికా నౌకాదళం 1990లో ఒత్తిడిలో జట్లు నిర్ణయాలు ఎలా తీసుకుంటాయో పరిశోధించే పెద్ద కార్యక్రమం మొదలుపెట్టింది. సిమ్యులేషన్‌తో జట్లకు శిక్షణ ఇచ్చే విద్య చాలావరకు ఆ శవాల మీద నుంచి లేచిందే.

ఆ కూల్చివేతకు పదేళ్ల ముందు ఇంకో కథ. 1978 డిసెంబరు 28న అమెరికాలో పోర్ట్‌లాండ్ మీద ఒక డీసీ-8 విమానం గిరికీలు కొడుతోంది. చక్రాలు సరిగా దిగాయో లేదోనని కెప్టెన్ ధ్యాసంతా అటే ఉంది. ఇంధనం అయిపోవస్తోందని పక్కనున్న ఇంజినీరుకు తెలుసు. నసిగాడు, గట్టిగా చెప్పలేదు. విమానం కూలి పదిమంది పోయారు. ఆ తర్వాతే విమానయాన సంస్థలు కింది ఉద్యోగికి నోరు విప్పడం, పై అధికారికి చెవి ఒగ్గడం సిమ్యులేటర్లలో నేర్పించడం మొదలుపెట్టాయి. ఇప్పుడు ఏ పైలటూ ఏటా సిమ్యులేటర్ ఎక్కకుండా, అక్కడ ఇంజన్లు ఆరిపోయే గండాలు దాటకుండా నిజం విమానం తోలలేడు. వందల మందిని మోసే మనిషికి ఆ షరతు ఉంది. వేల ఇళ్ల నెత్తిన నీళ్లు నిలబెట్టి కాపలా కాసే మనిషికి అలాంటి షరతూ లేదు, అలాంటి శిక్షణా లేదు. జీతం ఏ నెలలో పడుతుందో కూడా తెలియదు.

మన దగ్గర లోటు యంత్రాలదేనా? 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊళ్ల మీదికి పాకింది. 12 మంది పోయారు. ప్రభుత్వం వేసిన ఉన్నత స్థాయి కమిటీ తేల్చిన సంగతులు చదివితే రక్తం మరుగుతుంది. సైరన్ మోగించడానికి ఫ్యాక్టరీలో 36 చోట్ల ఏర్పాటుంది. ఒక్కచోటా ఒక్క చేయీ దాన్ని నొక్కలేదు. ఉష్ణోగ్రత కొలిచే పరికరం ట్యాంకు అడుగున ఉంటే, పై భాగం మరిగిపోయింది. పరికరం తనను పెట్టిన చోటు గురించే చెబుతుంది, మిగతాది మనిషి చూసుకోవాలి. చూసి, పై వాడు తిడతాడేమోనని జంకకుండా సైరన్ నొక్కాలి. ఆ తెగువ పుట్టుకతో రాదు. పదిసార్లు ఉత్తుత్తి ప్రమాదంలో నొక్కిన చేయే పదకొండోసారి నిజం ప్రమాదంలో నొక్కుతుంది.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగింది. పారుతున్న నీళ్లలోకి, నీటికి అడ్డంగా నిలిచే ఉక్కు పలకల్లాంటి స్టాప్‌లాగ్ ఎలిమెంట్లు దింపించి వారం రోజుల్లో నీళ్లు ఆపించింది వయసు మళ్లిన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు. ఆయనకు దండం పెడదాం. కానీ ఆ తర్వాత ఏం చేశాం? శాలువా కప్పాం. ఆయన తలలో ఉన్నదాన్ని సాధన పాఠంగా మార్చి ప్రతి జలాశయం సిబ్బందితో ఆడించామా? ఆ నెలాఖరుకే బుడమేరు పొంగింది. సెప్టెంబరు 1న విజయవాడ సింగ్‌నగర్‌లో జనం లేచి చూసేసరికి నీళ్లు మంచాల కిందికి వచ్చాయి. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు పోటెత్తిన రోజులవి. నీటి లెక్కలన్నీ ఎక్కడో ఒకచోట ఉన్నాయి. వీధి చివర నిలబడి లేవండర్రా అని అరిచే గొంతే కరువైంది.

మాక్ డ్రిల్లులు చేస్తూనే ఉన్నాం కదా అని ఎవరో అంటారు. తెలుసు. తేదీ ముందే చెబుతారు, ఫొటోగ్రాఫరు ముందే వస్తాడు, గాయపడినట్టు పడుకున్న కుర్రాడు స్ట్రెచర్ ఎక్కుతూ నవ్వుతుంటాడు, సార్ గడియారం చూసుకుని బ్రహ్మాండం అంటారు. అందులో ఎవరూ తప్పు చేయరు, చేయడానికి వీలు కూడా ఉండదు. మా ప్రకాశం పల్లెల్లో పద్యనాటకం ఆడే సమాజం సైతం పోర్షన్ రాని వాడిని స్టేజీ ఎక్కించదు. హార్మోనిస్టు ముందు నెల రోజులు తప్పులు పాడించి, తిట్టించి, మళ్లీ పాడించి అప్పుడు రంగు పూస్తారు. ఒక రాత్రి నాటకానికి ఉన్న శ్రద్ధ మనకు జలాశయం మీద లేదు.

ఈ సాఫ్ట్‌వేర్ ఏజెంట్లకు అసలు పని ఇక్కడే ఉంది. మల్లవరంలో ఆ అయిదుగురినీ కూర్చోబెట్టండి. అక్కడ లేని పాత్రలు ఏజెంట్లు వేస్తాయి. ఒకటి ఎగువ నుంచి ఫోన్ చేసే ఇంజినీరు. ఒకటి నీళ్లు వదిలితే నా పొలం ఏం కావాలని మీదికొచ్చే రైతు. ఒకటి మంత్రిగారు వచ్చేదాకా గేటు ఎత్తొద్దని ఒత్తిడి తెచ్చే పెద్దమనిషి. ఒకసారి జనరేటరులో డీజిల్ ఉండదు. ఒకసారి స్టాప్‌లాగ్ దింపే క్రేన్ ఒంగోలులో ఇరుక్కుపోతుంది. ఒకసారి తెర తప్పు మట్టం చూపిస్తుంది, దాన్ని కాదని కళ్లతో చూసిన లస్కరు మాటే నమ్మాలి. అదే వరద ఇరవై రకాలుగా వస్తుంది. ఎవరు ఎవరికి ఎప్పుడు ఏం చెప్పారు, ఎవరు విన్నారు, ఎవరు వినలేదు అన్నది యంత్రం రాసిపెడుతుంది. తెల్లారాక అందరూ కూర్చుని తమ తప్పులు తామే చదువుకుంటారు. ఇది చేయించే ఏజెంటును కొంటే నేనే అద్దంకి సెంటర్లో కొబ్బరికాయ కొడతాను.

ఇది మన పల్లెలకు ఎక్కదనే వాళ్లకు మన పల్లెల చరిత్రే తెలియదు. మా ప్రకాశంతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో 2010 దాకా రైతుల భూగర్భజల పథకం నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ దానికి అండ. వానమాపకం చూసింది రైతులు, బోర్లలో నీటిమట్టం కొలిచింది రైతులు. రబీకి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీళ్లెన్ని, ఏ పంటకు ఎన్ని కావాలి అని లెక్క కట్టి గోడ మీద రాసుకున్నారు. నిర్ణయానికి తోడ్పాటంటే అదీ. తర్వాత 2013 ప్రాంతంలో ఒక స్వచ్ఛంద సంస్థ, అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థ కలిసి రాయలసీమ ఊళ్లలో ఒక ఆట ఆడించాయి. ఒక్కో మనిషీ నీళ్లు బాగా తాగే పంటో, తక్కువ తాగే పంటో ఎంచుకోవాలి. రౌండు రౌండుకూ నేలలో నీళ్లు తగ్గుతుంటాయి. మొదట ఒకరితో ఒకరు మాట్లాడకూడదు, తర్వాత మాట్లాడుకోవచ్చు. ఆ ఆట ఆడిన ఊళ్లు నీటి లెక్కల పుస్తకాలు పెట్టుకోవడానికి, కట్టుబాట్లు చేసుకోవడానికి మిగతా ఊళ్లకన్నా ముందుకొచ్చాయని పరిశోధకులు తేల్చారు. గోడంత తెర లేకుండానే ఇదంతా జరిగింది. అద్దంకి బ్రాంచ్ కెనాల్ మొదటి భూముల రైతును, చివరి భూముల రైతును ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి, పాత్రలు తారుమారు చేసి ఈ ఆట ఎందుకు ఆడించరు? చివరి భూమి వాడి దాహం మొదటి తూము వాడికి ఒక్క గంటలో తెలిసొస్తుంది.

జట్టును వదిలేసి ఒక్కో మనిషికీ విడిగా సలహా ఇస్తే ఏమవుతుందో చూడటానికి మిర్చి సంగతికి వద్దాం. ఖమ్మంలో సాగుబాగు పేరుతో ఏడు వేల మంది మిర్చి రైతులకు కృత్రిమ మేధ సలహాలిచ్చారు, దిగుబడి పెరిగిందన్నారు. సంతోషం. కానీ ఒక రైతుకు మంచిదైన సలహాను లక్షమందికి ఒకే వారంలో ఇస్తే ఏమవుతుంది? ధర బాగుందని అందరూ మిర్చే వేస్తారు. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి, కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాకు 11,781 రూపాయలు లెక్కగట్టాల్సి వచ్చింది. ఎకరానికి లక్షలు పోసిన కౌలు రైతుకు ఆ లెక్క దేనికి చాలుతుంది? వేల మంది ఉత్తుత్తి రైతులను కంప్యూటరులో పెట్టి, అందరూ ఇదే సలహా వింటే గుంటూరు యార్డు ఏమవుతుందో ముందే ఆడించి చూసే పద్ధతి లోకంలో ఎప్పటి నుంచో ఉంది. ఒంటరి రైతు చెవిలో ఊదే ఏజెంటును అమ్ముతున్నవాళ్లు ఆ పద్ధతి మాటెత్తరు. 2021 చివర నల్ల తామర పురుగు తోటలను ఊడ్చేసినప్పుడు ఊరంతా కలిసి కదలాల్సింది. ఎవరి సెల్‌ఫోన్ సలహా వాళ్లకి, ఎవరి మందుల కొట్టు వాళ్లకి అంటే పురుగుకు పండగే.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. వానాకాలం రాకముందే ప్రతి జలాశయం దగ్గర, ముందుగా చెప్పకుండా, రాత్రిపూట సాధన పెట్టండి. కలెక్టరు గారు ముఖ్య అతిథిగా రావద్దు, జట్టులో మనిషిగా కూర్చోండి. లస్కరు మిమ్మల్ని 'కాదు సార్, గేటు కదలడం లేదు' అనగలిగేదాకా సాధన ముగించొద్దు. గేటు ఎలా ఉందో లస్కరు తెలుగులో, నోటిమాటగా చెబితే నేరుగా ఆ తెరకెక్కే ఏర్పాటు చేయండి. యంత్రం ఇచ్చిన ప్రతి సలహా కింద దాన్ని ఒప్పుకున్న అధికారి పేరు ఉండాలి. వద్దన్న కింది ఉద్యోగి పేరూ ఉండాలి. సాధనలో బయటపడిన తప్పులను జనానికి చూపించండి. వాటికి మెమోలు మాత్రం ఇవ్వకండి, ఇస్తే వచ్చే ఏడు అందరూ మళ్లీ ఆ నవ్వే స్ట్రెచర్ నాటకమే ఆడతారు.

ఇవేవీ చేయకుండా ఏజెంట్లను మాత్రం కొంటే వాటికి మిగిలేది ఒకటే ఉద్యోగం, నెపం మోయడం. సిస్టమ్ అలా చెప్పిందని పై వాళ్లు తప్పించుకుంటారు. సస్పెన్షన్ కాగితం యథాప్రకారం ఏఈకో, లస్కరుకో వెళుతుంది. సాధనలో తప్పు చేసే హక్కు తన ఉద్యోగికి ఇవ్వని ప్రభుత్వానికి, వరద రాత్రి చేసిన తప్పుకు అతణ్ణి శిక్షించే హక్కు లేదు.