హాకీని చంపింది క్రికెట్ కాదండోయ్

హాకీకి ఈ గతి పట్టడానికి క్రికెట్టే కారణమని వాపోయేవాళ్ళని చూస్తే నాకు భలే చిరాకు. "మన జాతీయ క్రీడ" అని మొదలెడతారు. ఏ ఆటనీ జాతీయ క్రీడగా ప్రకటించలేదని 2012లోనే సమాచార హక్కు కింద అడిగితే క్రీడల శాఖ చెప్పింది. సరే, అది పక్కన పెడదాం. ఛాంపియన్స్ ట్రోఫీని మూసేసింది ఎవరు? (క్రికెట్‌ది కాదు మహాప్రభో, హాకీది!) క్రికెట్ బోర్డు కాదు. సాక్షాత్తూ అంతర్జాతీయ హాకీ సమాఖ్యే.

ఆ టోర్నీ 1978లో లాహోర్‌లో మొదలైంది. ఆలోచన పాకిస్తాన్‌కి చెందిన ఎయిర్ మార్షల్ నూర్ ఖాన్‌ది. ప్రపంచ కప్పు పెడదామన్నదీ ఆయనే. చివరి టోర్నీ 2018లో నెదర్లాండ్స్‌లోని బ్రెడాలో. ఆరు జట్లు, తొమ్మిది రోజులు. అందరూ అందరితో ఆడాలి, పైన నిలిచిన ఇద్దరికీ ఫైనల్. అంతే! పసికూనల మీద పదేసి గోల్సు కొట్టి జబ్బలు చరుచుకోవడాలు లేవు. మొదటి రోజు నుంచే నిప్పుల మీద నడక.

మనవాళ్ళు దాన్ని ఒక్కసారీ గెలవలేదు. 1982లో కాంస్యం, మళ్ళీ 2016 దాకా పతకమే లేదు. ఆ ఏడు లండన్‌లో ఆస్ట్రేలియాతో ఫైనల్ 0-0. షూటౌట్‌లో వాళ్ళు తప్పిన ఒక ప్రయత్నాన్ని మళ్ళీ తీసుకోమన్నారు, మనవాళ్ళు అభ్యంతరం చెప్పినా కొట్టేశారు, ఓడాం. 2018లో బ్రెడాలో మళ్ళీ అదే ఆస్ట్రేలియా, 1-1, మళ్ళీ షూటౌట్, మళ్ళీ ఓటమి. ఇక గెలుపు గుమ్మం దాకా వచ్చేశాం అనుకుంటుంటే గుమ్మాన్నే పీకేశారు!

దాని బదులు 2019లో ప్రో లీగ్ తెచ్చారు. మా ఫీల్డులో ఈ జబ్బు మామూలే లెండి. చక్కగా నడుస్తున్న ప్రోగ్రాముని పక్కన పడేసి కొత్తగా రాయిస్తారు, పాతదానిలో పనిచేసిన ముక్కే కొత్తదానిలో ఉండదు. ఇక్కడ ఎగిరిపోయిన ముక్క ఫైనల్. మొదటి ఏడు పెట్టారు, తర్వాత అదీ తీసేశారు. నెలల తరబడి ఖండాలు మార్చి ఆడతారు, చివరికి పట్టికలో పైనున్నవాడే విజేత.

2025 జూన్‌లో యూరప్‌లో మనవాళ్ళు వరసగా ఏడు మ్యాచ్‌లు ఓడారు. చాలావరకు ఒక్క గోలు తేడాతోనే. అదే ఒక టోర్నీలో జరిగుంటే గుండెలు బాదుకునేవాళ్ళం. మా ఆఫీసులో ఒక్కడికైనా తెలిస్తే ఒట్టు.

పెద్ద జట్లతో ఎక్కువ మ్యాచ్‌లు దొరికాయి కదా అంటారా? ఒప్పుకుంటా. టోక్యోలో, పారిస్‌లో వచ్చిన కాంస్యాలకి ఆ అలవాటు పనికొచ్చే ఉంటుంది. కానీ ఆ మ్యాచ్‌లు ఎవరికి దొరికాయి? విమానం టిక్కెట్లు కొనగలిగినవాళ్ళకి. నాలుగు ప్రపంచ కప్పులు గెలిచిన పాకిస్తాన్ డబ్బుల్లేక మొదటి ఏడే తప్పుకుంటే సస్పెండ్ చేశారు. వాళ్ళ హాకీ అప్పటికే మంచాన పడిన మాట నిజమే, కానీ మంచాన పడ్డవాడికి జరిమానాయా? తర్వాత న్యూజీలాండ్ నేషన్స్ కప్ గెలిచి కూడా ఖర్చు భరించలేక ప్రో లీగ్ చోటు వద్దంది. ఆ ఖాళీలో 2025-26కి మళ్ళీ పాకిస్తాన్‌నే పిలిచారు!

ఒక జట్టు గెలిచి, బహుమతిగా వచ్చిన చోటు నాకొద్దు బాబోయ్ అందంటే తప్పు ఆ జట్టుదా, టోర్నీదా? ఆరు జట్లని ఒక ఊరికి పిలిచి, తొమ్మిది రోజులు ఆడించి, ఆదివారం సాయంత్రం ఫైనల్ పెట్టడానికి ఇన్ని విమానాలు అక్కర్లేదు. చాలా ఏళ్ళు అలాగే చేశారు కూడా.