గుత్తేదారు, అగ్నిమాపకుడు

ప్రతి సంవత్సరము ఏప్రిలు 14 మొదలు 20 వరకు మన దేశమున అగ్నిమాపక వారము జరుపబడుచున్నది. 1944లో ఆ 14వ తేదీననే బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికైన్ అను ఓడ ప్రేలగా 66 మంది అగ్నిమాపక సిబ్బంది అసువులు బాసిరి. ఈ వారములోనే వచ్చు మరియొక దినమును గూర్చి పాఠకులకు మనవి చేయదలచితిమి. అది 2013 ఏప్రిలు 17. స్థలము అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున వెస్ట్ అను చిన్న ఊరు.

ఆ ఊరి జనసంఖ్య మూడువేలకు లోపే. 19వ శతాబ్దమున చెక్ దేశము నుండి వలసపోయిన కుటుంబముల సంతతివారు అచట పెక్కుమంది. వారి పిండివంటయగు కొలాచె నేటికిని ఆ ఊరి అంగళ్ళలో దొరకును. పరాయి నేలను పాతుకొనియు తాతముత్తాతల రుచిని విడువని వారి సంగతి మన కుటుంబములకు వేరుగ వివరింప నక్కరలేదు.

అట్టి ఊళ్ళలో మంటల నార్పువారు తరచు జీతగాండ్రు కారు. ఊరివారే దళముగా ఏర్పడుదురు. ఇళ్ళు కట్టించు గుత్తేదారు, సేద్యగాడు, వెల్డింగు పనివాడు, పగలు తమ పని తాము చేసికొని, కబురు రాగానే పనిముట్లు క్రింద బెట్టి పరుగెత్తుదురు. ఏ ఇంట దూలము ఎచట నున్నదో, మెట్లు ఏ ప్రక్క నున్నవో ఎరిగిన గుత్తేదారు పొగలో ఎంత అక్కరకు వచ్చునో ఊహింపవచ్చును. జీతము లేదు, అపాయము మాత్రము జీతగాండ్రకున్నంతయు కలదు.

ఆ సాయంకాలము 7.29 గంటలకు ఎరువుల గిడ్డంగిలో నిప్పంటుకొన్నదని కబురు వచ్చినది. దళమువారు తక్షణమే వెళ్ళిరి. 7.51కి కర్ర తొట్లలో నిలువచేసిన అమ్మోనియం నైట్రేటు ఎరువులో సుమారు 30 టన్నులు ప్రేలిపోయెను. మృతులు 15 మంది. అందు 12 మంది మంటల నార్పుటకు, సాయము చేయుటకు పోయినవారే. ఇరుగుపొరుగు ఊళ్ళ దళములవారును వారిలో కలరు. ఆ ఎరువు ప్రేలుడు స్వభావమును గూర్చి దళమువారికి తగిన శిక్షణ లేకుండెనని అమెరికా రసాయన భద్రతా మండలి 2016లో ప్రకటించినది.

వ్యాపారులమగు మనము ఇచట ఆగి ఆలోచింపవలెను. చనిపోయినవారిని వీరులని పొగడుట సులభమే. గిడ్డంగిలో ఏమున్నదో బ్రతికియుండగా వారికి చెప్పవలసినది ఎవరు? కొట్టు యజమాని కాడా? 2020 ఆగస్టు 4న బీరూట్ రేవులో మంట నార్పబోయిన దళమునందు 10 మంది మరణించిరి. అచటను ఆ సరకే. ఆ వెనువెంటనే మదరాసు చెంత మనలిలో, 2015లో పట్టుబడిన దాదాపు 700 టన్నుల అమ్మోనియం నైట్రేటు ఇంకను పడియున్న సంగతి బయటపడి, హైదరాబాదునకు తరలింపబడినది. బీరూట్ ప్రేలినగాని మనవారికి దాని జ్ఞప్తి రాలేదు!

కావున మన సంఘసభ్యులలో ఎరువులు, రంగులు, టపాకాయలు, ప్రత్తి, గోనెసంచులు నిలువచేయువారు సరకు పట్టికను దగ్గరి అగ్నిమాపక కేంద్రమునకు వ్రాతమూలముగ అందజేయ ప్రార్థన. పన్నువారి కంట బడునను శంక కొందరికి కలుగవచ్చును. అట్టి లెక్క దాచుకొనువారి కొట్టు మంటలో నీళ్ళు పోయుటకు ఎవరి బిడ్డ పోవలెనో వారే చెప్పవలెను. పట్టిక వ్రాయుట కష్టమనువారు సంఘ కార్యాలయమునకు వచ్చినచో గుమాస్తా వ్రాసియిచ్చును.