ఫైలుకూ నామకరణం కావాలి

బిడ్డకు పేరు పెట్టేటప్పుడు నక్షత్రమూ, అర్థమూ విచారించే మనం, కంప్యూటరులోని పట్టికలకు మాత్రం "లిస్టు", "కొత్త లిస్టు", "ఫైనల్ లిస్టు" అని తోచిన పేరు పెట్టి ఊరుకుంటాము. స్వచ్ఛంద సేవపై నడిచే మన సంఘాలకు ఈ అలవాటు చేటు.

03-04-2025 అంటే అమెరికాలో మార్చి 4. భారతదేశంలో ఏప్రిల్ 3. అటువంటి తేదీలున్న రెండు చందాల పట్టికలలో తాజాది ఏదో చెప్పడమెలా? 1988లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 8601 ప్రమాణం ఈ చిక్కు విప్పింది: ముందు సంవత్సరం, పిదప నెల, ఆపైన రోజు. "చందాలు-2025-03-04" అంటే సందేహానికి తావు లేదు. పైగా పేర్ల వరుసే కాలక్రమమవుతుంది. నెలకు ముందు సున్న మరువరాదు. అంకెలను అక్షరాలుగా పోల్చినప్పుడు 10 అన్నది 2 కంటె ముందు నిలుస్తుంది.

ఖాళీ పట్టిక పేరులో "నమూనా" అన్న మాటా, నింపిన ప్రతిలో తేదీ ఉండితీరాలి. లేనిచో ఎవరో నమూనాలోనే వివరాలు నింపుతారు. మరుసటి ఏట పాత చందాలు కొత్త లెక్కలో కలుస్తాయి.

డాస్ కాలంలో పేరుకు ఎనిమిది అక్షరాలే హద్దు. 1995లో విండోస్ 95 రాకతో ఆ సాకూ తీరింది. కార్యవర్గాలు మారుతుంటాయి, దాతల సొమ్ముకు లెక్క మాత్రం నిలవాలి. పాత కోశాధికారిని అడగనవసరం లేకుండా కొత్తవారికి బోధపడేదే మంచి పేరు. ప్రతి సంఘమూ ఈ నియమాలను ఒక పుటలో వ్రాసుకొని, లెక్కలతోపాటు అప్పగించడం మేలు.